చెవి ఒగ్గిన గురువు: చాడ్ వారా

నవంబర్ 2 సాయంత్రం మన సమాధుల తోటల్లో ఎటు చూసినా కొవ్వొత్తులే. సున్నం వేసిన సమాధులు, బంతిపూల దండలు, చాపలు పరుచుకొని కూర్చున్న కుటుంబాలు, ఒక్కో సమాధి దగ్గర ఆగి ప్రార్థన చేసి ముందుకు నడిచే పాస్టరుగారు. పాతికేళ్లకు పైగా నేనూ ఆ ప్రార్థనలు చేస్తున్నాను. నేను పరిచర్య మొదలుపెట్టిన పల్లెలో ఒక సమాధి ప్రహరీ గోడకు అవతల ఉండేది. తుమ్మచెట్టు కింద, సిలువ గుర్తు కూడా లేకుండా. ఎవరిదని అడిగితే సంఘ పెద్దలు మాట మార్చారు. తరువాత తెలిసింది, అది ఒక ఆడపిల్లది. తన ప్రాణం తానే తీసుకుంది కాబట్టి గోడ లోపల చోటివ్వలేదు. జనమంతా ఇళ్లకు వెళ్లాక ఆమె తల్లి చీకట్లో వచ్చి ఒక్క కొవ్వొత్తి వెలిగించి వెళ్లేదట. ఆ ఏడు నేను గోడ దాటి అవతలికి వెళ్లలేదు. కొత్త పాస్టరుని, పెద్దలకు భయపడ్డాను.

అదే నవంబర్ 2న, 1953లో, లండన్ నగరం నడిబొడ్డున ఒక పాత చర్చిలో టెలిఫోను మోగింది. ఆంగ్లికన్ సంఘంలో కూడా అది మృతులను జ్ఞాపకం చేసుకునే దినమే. ఫోను పెట్టించిన గురువు పేరు చాడ్ వారా. ఇంకో పది రోజుల్లో ఆయనకు 42 ఏళ్లు నిండుతాయి. చావాలనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఏ వేళనైనా ఈ నంబరుకు ఫోను చేయవచ్చని ఆయన లోకానికి చెప్పారు. ఈ రోజు ప్రపంచంలో ఎన్నో దేశాల్లో ఉన్న ఇలాంటి ఫోను సేవలకు దారి చూపినవాటిలో ఆ మోత ముఖ్యమైనది. ఆయన డాక్టరు కాదు, మానసిక వైద్యుడూ కాదు. మనలాంటి సంఘ కాపరి. అందుకే ఆయన జీవితం మన సంఘాలకు తెలియాలని ఈ వారం ఈ పేజీ రాస్తున్నాను.

ముందు ఒక మాట. తెలుగులో ఈ మరణానికి మనం వాడే పేరులోనే హత్య అనే మాట ఉంది. పేరు పలకగానే తీర్పు కూడా పలికినట్టే. ఈ వ్యాసంలో ఆ మాటను వీలైనంత పక్కన పెట్టాను.

చాడ్ వారా 1911 నవంబర్ 12న ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో, హంబర్ నది ఒడ్డున ఉన్న బార్టన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ఆ ఊరి చర్చి గురువు. తొమ్మిది మంది పిల్లల్లో ఈయనే పెద్దవాడు. ఏడో శతాబ్దంలో ఆ చుట్టుపక్కల మఠం కట్టించిన పరిశుద్ధ చాడ్ పేరు పెట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లోని కీబుల్ కాలేజీలో మొదట విజ్ఞానశాస్త్రంలో చేరి, తరువాత తత్వశాస్త్రం, రాజకీయాలు, ఆర్థికశాస్త్రం వైపు మారారు. అటుపైన లింకన్‌లోని వేదాంత కళాశాలకు వెళ్లారు. తరువాతి కాలంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయిన మైకేల్ రామ్సే అప్పుడు అక్కడ పాఠాలు చెప్పేవారు. 1935లో చాడ్ వారా డీకనుగా అభిషేకం పొంది, లింకన్‌లోనే పరిశుద్ధ గైల్స్ సంఘంలో సహాయ గురువుగా చేరారు.

సెమినరీ నుంచి బయటికి వచ్చిన ఏ పాస్టరుకైనా మొదటి భూస్థాపన జ్ఞాపకం ఉంటుంది. వణికే చేతుల్లో ప్రార్థన పుస్తకం, ఎక్కడ తప్పు చదువుతామో అన్న భయం. ఆయన చేసిన మొదటి భూస్థాపన 14 ఏళ్ల ఆడపిల్లది. ఆ అమ్మాయికి ఋతుస్రావం మొదలైంది. అదేమిటో ఎవరూ ముందుగా చెప్పలేదు. అడగడానికి ఎవరూ లేరు. తనకేదో సిగ్గుమాలిన రోగం అంటుకుందనుకొని, ఆ అవమానం మోయలేక ప్రాణం తీసుకుంది.

పాతికేళ్లయినా నిండని ఆ సహాయ గురువు ఆ సమాధి పక్కన నిలబడి ఒక నిర్ణయానికి వచ్చారు. ఇకమీదట పిల్లలకు ఈ విషయాలు తానే చెప్తాను, ఎవరేమన్నా సరే. అన్నట్టుగానే యువకుల కూటాల్లో, పెళ్లికి సిద్ధపడే జంటలతో శరీరం గురించి, దాంపత్యం గురించి దాపరికం లేకుండా మాట్లాడటం మొదలుపెట్టారు. 1930లలో ఒక గురువు అలా మాట్లాడితే ఊరు ఊరుకుంటుందా? పాడు బుద్ధి గలవాడన్న పేరు వచ్చింది. ఆయన లెక్కచేయలేదు.

ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఆడపిల్ల పెద్దమనిషి అయితే మనం షామియానా వేస్తాం, బంధువులను పిలుస్తాం, ఫ్లెక్సీ కడతాం, పాస్టరుగారిని పిలిచి ప్రార్థన కూడా చేయిస్తాం. ఊరంతటికీ చెప్తాం. ఆ పిల్లకు మాత్రం ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో కూర్చోబెట్టి చెప్పే ఇళ్లు ఎన్ని? లింకన్‌లో ఆ ఇల్లు మౌనంగా ఉంది. మన ఇల్లు మైకు పెట్టుకొని మౌనంగా ఉంటుంది.

తరువాతి పద్దెనిమిదేళ్లు మామూలు గురువు జీవితమే. పట్నీ, బారో, బ్లాక్‌బర్న్, మళ్లీ లండన్‌లో క్లాపమ్ జంక్షన్. 1940లో సూసన్‌ను పెళ్లి చేసుకున్నారు. అయిదుగురు పిల్లలు, అందులో ముగ్గురు మగపిల్లలు ఒకే కాన్పులో పుట్టారు. మన సంఘాల్లో కొందరు స్త్రీలకు తెలిసిన మదర్స్ యూనియన్‌కు ఆ సూసన్ అమ్మగారే 1970 నుంచి 1976 వరకు ప్రపంచ అధ్యక్షురాలు. గురువు జీతం ఆ ఇంటికి ఏ మూలకూ చాలేది కాదు. అందుకని ఆయన పిల్లల బొమ్మల పత్రికలకు కథలు రాశారు. మార్కస్ మారిస్ అనే మరో గురువు 1950లో మొదలుపెట్టిన ఈగిల్ అనే వారపత్రిక ఆ రోజుల్లో ఇంగ్లండు పిల్లలకు మన చందమామ లాంటిది. అందులో అంతరిక్ష వీరుడు డాన్ డేర్ కథలకు సైన్సు సలహాదారుగా కూడా ఆయన పనిచేశారు. తరువాత తలపెట్టిన పరిచర్యకు మొదటి ఖర్చులు ఈ బొమ్మల కథల డబ్బుతోనే గడిచాయి.

పిక్చర్ పోస్ట్ అనే పత్రికలో దాంపత్యం గురించి ఆయన రాసిన తరువాత పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. సలహాలు అడిగినవే ఎక్కువ. కాని కొన్ని ఉత్తరాలు రాసినవాళ్లు చావు అంచున నిలబడి ఉన్నారు. అప్పటికి లండన్ మహానగరంలో రోజుకు ముగ్గురి చొప్పున ఇలా చనిపోతున్నారని ఆయన తెలుసుకున్నారు. ఇల్లు అంటుకుంటే, దొంగ పడితే 999కి ఫోను చేయవచ్చు. చావాలనిపించినవాడు ఎవరికి చేయాలి? ఎవరికీ చేయలేడు, ఎందుకంటే ఇంగ్లండులో అప్పుడు ప్రాణం తీసుకోబోవడం నేరం. బతికి బయటపడినవాణ్ణి పోలీసులు కోర్టులో నిలబెట్టేవారు. కొందరిని జైలుకు కూడా పంపారు. ఆ చట్టం 1961లో గాని పోలేదు.

చట్టం కన్నా ముందు నుంచే ఈ విషయంలో కఠినంగా ఉన్నది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, మన సంఘమే. ఆరో శతాబ్దంలో బ్రాగా సభ ఇలా చనిపోయినవారికి ఆరాధనా క్రమంతో భూస్థాపన చేయకూడదని నిర్ణయించింది. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం కూడా బాప్తిస్మం పొందనివారితో, వెలివేయబడినవారితో కలిపి వీరినీ భూస్థాపన క్రమం నుంచి మినహాయించింది. ఇంగ్లండులో 1823 వరకు ఇలాంటివారిని నాలుగు దారులు కలిసే చోట పాతిపెట్టే ఆచారం ఉండేది. ఆ తరువాత కూడా ఆరు దశాబ్దాల పాటు రాత్రి తొమ్మిది దాటాక, ఏ ప్రార్థనా లేకుండా పాతిపెట్టారు.

బైబిలు మాత్రం ఇంత కఠినంగా లేదు. అహీతోపెలు ఉరివేసుకొని చనిపోయాక అతణ్ణి తన తండ్రి సమాధిలోనే పెట్టారని సమూయేలు రెండవ గ్రంథం చెప్తుంది. సమ్సోనును అన్నదమ్ములు వచ్చి తండ్రి సమాధికే మోసుకుపోయారు. సౌలు తన కత్తి మీద తానే పడ్డాడు. యాబేష్గిలాదువారు రాత్రంతా నడిచి వెళ్లి అతని శవాన్ని తెచ్చి, ఎముకలు పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. వీళ్లెవరినీ గోడ బయట పెట్టలేదు. సెమినరీలో ఈ భాగాలన్నీ చదివి పరీక్ష రాసినవాణ్ణే నేను. ఆ పల్లెలో పెద్దల ముందు ఒక్కటీ నోటికి రాలేదు.

1953లో చాడ్ వారాకు లండన్ సిటీలోని పరిశుద్ధ స్తెఫను చర్చి, వాల్‌బ్రూక్, గురువుగా పిలుపు వచ్చింది. క్రిస్టఫర్ రెన్ పదిహేడో శతాబ్దంలో కట్టిన గుమ్మటపు చర్చి అది. యుద్ధంలో బాంబు దాడికి దెబ్బతింది. చుట్టూ బ్యాంకులు, ఆఫీసులు. పగలు లక్షల మంది, రాత్రి అయితే మనిషి కనిపించడు. సంఘస్థులంటూ దాదాపు ఎవరూ లేని సంఘం. మనలో చాలామంది అలాంటి పోస్టింగు వస్తే శిక్ష అనుకుంటాం. ఆయనకు కావలసింది సరిగ్గా అదే. వారం రోజులూ చేతిలో సమయం ఉంటుంది. చర్చి మీద హక్కులున్న గ్రోసర్స్ కంపెనీవారికి తన ఆలోచన ముందే చెప్పారు. వాళ్లు ఒప్పుకున్నారు.

ఫోను నంబరు కథ ఆయన పదే పదే చెప్పేవారు. అత్యవసరానికి గుర్తుండేలా, ఆ ప్రాంతపు ఎక్స్ఛేంజీ పేరుతో మ్యాన్ 9000 అనే నంబరు కావాలనుకున్నారు. చర్చిలో దుమ్ముకొట్టుకుపోయిన ఫోను ఎత్తి ఎక్స్ఛేంజీని అడిగారు. ప్రస్తుతం మీరు మాట్లాడుతున్న నంబరు ఏమిటని అవతలివాళ్లు అడిగితే, డయలు మీది మసి తుడిచి చూశారు. మ్యాన్ 9000. ఇది దేవుని కార్యమా, యాదృచ్ఛికమా అని వాదించేవాళ్లు వాదించుకోవచ్చు. నాకైతే ఏ సందేహమూ లేదు.

మొదట ఆయన, సెక్రటరీ వివియన్ ప్రాసర్, ఇద్దరే. పత్రికలు రాయడంతో జనం పెరిగారు. డిసెంబర్ 7న డైలీ మిర్రర్ వాళ్లను మంచి సమరయులతో పోల్చింది. పేరు అలా పత్రికవాళ్లు పెట్టినదే. సమారిటన్స్ అని స్థిరపడిపోయింది. ఫోన్లతో పాటు మనుషులు నేరుగా రావడం మొదలైంది. ఒక్క గురువు ఎంతమందిని చూస్తారు? లోపలి గదిలో ఆయన ఒకరితో మాట్లాడుతుంటే బయటి గదిలో పదిమంది ఎదురు చూసేవారు. ఇంతలో మేమూ ఏదైనా సాయం చేస్తామంటూ మామూలు మనుషులు ముందుకొచ్చారు. చదువుకున్న నిపుణులు కారు. గృహిణులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు. వాళ్లకు ఏ పని ఇవ్వాలో తెలియక, ఎదురు చూస్తున్నవాళ్లకు టీ, కాఫీ ఇచ్చి కాసేపు తోడు కూర్చోమన్నారు.

కొన్ని వారాల్లో ఆయన ఒక వింత గమనించారు. బయట కూర్చున్నవాళ్లలో చాలామంది లోపలికి రావడం లేదు. టీ తాగుతూ, పక్కన కూర్చున్న ఆ తల్లితో, ఆ గుమాస్తాతో తమ కథంతా చెప్పుకుంటున్నారు. కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. గురువుగారిని కలవకుండానే, ఇక అవసరం లేదని లేచి వెళ్లిపోతున్నారు. లోపలికి వచ్చినవాళ్లు కూడా అప్పటికే సగం తేలికపడి వస్తున్నారు.

మనలో ఎవరికైనా ఇలా జరిగితే ఏం చేస్తాం? నిజాయితీగా చెప్పాలంటే, నేనైతే మనసులో కొంచెం చిన్నబుచ్చుకొని, టీ ఇచ్చేవాళ్లను పిలిచి హద్దుల్లో ఉండమని మెత్తగా చెప్పి ఉండేవాణ్ణి. చాడ్ వారా 1954 ఫిబ్రవరి 2న వాళ్లందరినీ కూర్చోబెట్టి, ఇకనుంచి ఫోను ఎత్తే పని మీదేనని అప్పగించారు. మొదలుపెట్టి మూడు నెలలే అయింది, పత్రికల్లో తన పేరే మారుమోగుతోంది, అయినా పక్కకు తప్పుకున్నారు. మనుషులను ఎంపిక చేయడం, తర్ఫీదు ఇవ్వడం, పనికిరారనుకుంటే తీసివేయడం మాత్రం తన చేతిలో ఉంచుకున్నారు. ఎంపికలో ఆయన చూసింది నోరు మూసుకొని వినగలరా అన్నది. సలహాల మూట విప్పేవాళ్లను, నీతులు చెప్పేవాళ్లను పంపించేసేవారు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కావలసింది ఒక స్నేహితుడి తోడు, కొందరికి దానితో పాటు ఆలోచన చెప్పగల మనిషి, ఇంకా కొందరికి మానసిక వైద్యుడు అని ఆయన అనుభవంతో గ్రహించారు. వైద్యుడు అవసరమైనవాళ్లను వైద్యుడి దగ్గరికే పంపారు. ప్రార్థనతోనే అన్నీ పోతాయని చెప్పి మందులు మాన్పించే పాస్టర్లను నేను ఎరుగుదును. ఈ గురువు ఆ పాపం చేయలేదు.

నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల క్రితం ఆదివారం ఆరాధన తరువాత ఒక యువకుడు నా దగ్గర ఆగాడు. బతకాలని లేదన్నాడు. నేను వెంటనే బైబిలు తెరిచి ఏడు వాక్యాలు చూపించాను, తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశాను, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో కూటం ఉంటే వెళ్లిపోయాను. మంచి పని చేశానన్న తృప్తితో. దేవుని దయవల్ల అతను ఈ రోజు ఇద్దరు పిల్లల తండ్రి. ఈ మధ్య కలిసినప్పుడు ఆ సంగతి ఎత్తాడు. నేను చూపించిన ఏడు వాక్యాల్లో ఒక్కటీ గుర్తులేదట. ఆ వారమంతా పక్కింటి టైలరమ్మ రాత్రి పదింటికి మిషను ఆపి, అరుగు మీద తనతో కూర్చునేదట. పెద్దగా ఏమీ మాట్లాడేది కాదట. ఆమె మన సంఘస్థురాలు కూడా కాదు.

సమారిటన్స్ నియమాల్లో మన చదువరులకు మింగుడుపడనిది ఒకటుంది. ఫోను చేసినవారికి మతం బోధించకూడదు. ఒక గురువు స్థాపించి, చర్చి నేలమాళిగలో నడిపిన సేవలో ప్రభువు పేరు ఎత్తకూడదా? నేనూ మొదట చిరాకుపడ్డాను. తరువాత లూకా సువార్త పదో అధ్యాయం మళ్లీ చదివాను. ప్రభువు చెప్పిన ఆ కథలో సమరయుడు నూనె పోశాడు, ద్రాక్షారసం పోశాడు, కట్లు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. ప్రసంగం చేసినట్టు లేదు. మాట్లాడింది కూడా పూటకూళ్లవాడితోనే. ఎవరు ఆగకుండా పక్కనుంచి పోయారో కూడా మనకు తెలుసు. వాళ్లిద్దరూ మన వృత్తివాళ్లే.

బదరీవృక్షం కింద ఏలీయా చావు కోరుకుంటూ పడుకున్నప్పుడు దూత వచ్చి మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు పెట్టి, తిని మళ్లీ పడుకోనిచ్చాడు. అలా రెండుసార్లు. దేవుడు మాట్లాడింది నలభై రోజుల తరువాత, హోరేబులో, అదీ ఒక ప్రశ్నతో. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చొని ఏమీ మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచి పని ఆ ఏడు రోజులే. నోరు తెరిచాక చేసింది మనకు తెలుసు. సువార్త చెప్పవద్దని నేను అనడం లేదు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు ముందు ఆ అధికారి కత్తి ఆపాడు, అందరం ఇక్కడే ఉన్నామని కేక వేశాడు. రక్షణ మాట తరువాత వచ్చింది, అది కూడా ఆ మనిషి అడిగితేనే.

1959లో ఎడిన్‌బరోలో రెండో శాఖ వచ్చింది. తరువాత ఊరూరా. ఇప్పుడు బ్రిటన్, ఐర్లండ్‌లలో దాదాపు 200 శాఖలు, సుమారు 20,000 మంది వాలంటీర్లు. 1974 నుంచి బెఫ్రెండర్స్ పేరుతో ఇతర దేశాలకూ పాకింది. చెన్నైలో మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ 1986లో మొదలుపెట్టిన స్నేహ, సికింద్రాబాదులో 1997 నుంచి నడుస్తున్న రోష్ని ఆ దారిలోవే. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే ఉచిత సేవ నడుపుతోంది. నంబరు 14416. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. చర్చి నోటీసు బోర్డు మీద మహాసభల పోస్టర్ల పక్కన ఈ అయిదంకెలు రాయడానికి ఒక సుద్దముక్క చాలు. మన దేశంలో కూడా 1860 నాటి శిక్షాస్మృతి ఇలాంటివారిని నేరస్థులుగానే చూసింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం వాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారని, శిక్ష కాదు చికిత్స అందాలని చెప్పింది. 2024 జులైలో అమలులోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో ఆ పాత సెక్షను లేదు. చట్టం గోడ కూల్చుకుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారని పత్రికల్లో చదివి కుమిలిపోయాం. ప్రతి వేసవిలో ఆ రోజులు మళ్లీ వస్తాయి. ఆ రోజుల్లో మన చర్చి తలుపులు తెరిచి, ఒక టీ ఫ్లాస్కు, నాలుగు కుర్చీలు వేసి, మార్కుల గురించి అడగని నలుగురిని కూర్చోబెట్టగలమా?

ఆయన సేవ వల్లనే బ్రిటన్‌లో ఈ మరణాలు తగ్గాయా? 1960లలో తగ్గిన మాట నిజం. సమారిటన్స్ ఉన్న ఊళ్లలో ఎక్కువగా తగ్గాయని మొదట ఒక పరిశోధన చెప్పింది. తరువాత వచ్చిన పరిశోధకులు దానితో ఏకీభవించలేదు. ఇళ్లలో వాడే విషపూరితమైన గ్యాసు స్థానంలో ప్రమాదం లేని గ్యాసు రావడమే పెద్ద కారణమని వాళ్లు తేల్చారు. ఇది ఆయన పనిని తక్కువ చేయదని నా ఉద్దేశం. ప్రాణాపాయమైనవి చేతికి అందకుండా చేయడం కూడా ప్రాణం కాపాడటమే. పురుగుమందు డబ్బా మంచం కింద పెట్టుకునే మన రైతు ఇళ్లకు వెళ్లినప్పుడు ప్రార్థన తరువాత ఆ డబ్బా సంగతి కూడా మాట్లాడాలి.

ఆయనను పరిశుద్ధుల పటంలో బిగించే ఉద్దేశం నాకు లేదు. పునర్జన్మను నమ్మేవారు. 1992లో రాసిన ఆత్మకథకు పెట్టిన పేరే నేను మళ్లీ చనిపోయే ముందు అన్న అర్థం వచ్చేది. మన విశ్వాసానికి అది పొసగదు. లైంగిక విషయాలు రాసే ఫోరమ్ అనే పత్రికతో ఆయన పెట్టుకున్న సంబంధం అప్పట్లో చాలామంది క్రైస్తవులను బాధపెట్టింది. నాకూ రుచించదు. మనిషి మొండివాడు, ఎవరి మాటా వినేవాడు కాదు. లోకానికి వినడం నేర్పిన మనిషికి ఇది విడ్డూరమే. ముసలితనంలో తాను పెట్టిన సంస్థ మీదే అలిగి, అది దారి తప్పిందని బాహాటంగా అన్నారు. చనిపోయే ముందు మళ్లీ కలిసిపోయారు. ఎనభై దాటాక కూడా, కొన్ని దేశాల్లో ఆడపిల్లల మర్మాంగాలను కోసే దురాచారానికి వ్యతిరేకంగా మగవాళ్లను కూడగట్టి ఒక ఉద్యమం మొదలుపెట్టారు. లింకన్‌లో పాతిపెట్టిన ఆ పిల్లను ఆయన ఎన్నడూ మరిచిపోలేదని నాకనిపిస్తుంది.

వాల్‌బ్రూక్‌లో సరిగ్గా యాభై ఏళ్లు గురువుగా ఉన్నారు. ఆ కాలంలో శిల్పి హెన్రీ మూర్ చెక్కిన గుండ్రని రాతి బల్ల చర్చి మధ్యలోకి వచ్చింది. ప్రభు భోజనపు బల్ల అలా ఉండవచ్చా అని కేసు సంఘ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1987లో ఉండవచ్చని తీర్పు వచ్చింది. గుండ్రటి బల్లకు ముందు వరస, వెనక వరస ఉండవు. ఎటు నుంచి వచ్చినవాళ్లయినా చుట్టూ నిలబడతారు. 2003లో విరమించేనాటికి ఆయనకు 90 ఏళ్లు దాటాయి. 2007 నవంబర్ 8న, 96 ఏళ్లు నిండడానికి నాలుగు రోజుల ముందు, ఆసుపత్రిలో చనిపోయారు.

ఆ నల్లటి టెలిఫోను మాత్రం చర్చిలోనే ఉంది. గాజుపెట్టెలో పెట్టారు.